పేరు మనది, అప్పు మరొకరిది: మనకున్న ఉచిత రక్షణ సేవలు ఎంతవరకు పనికొస్తాయి?

2022 ఫిబ్రవరిలో దేశంలో ఎందరో తమ క్రెడిట్ రిపోర్టు (అప్పులు, వాయిదాల చరిత్ర చెప్పే నివేదిక) తెరిచి చూసుకుని, తాము ఎన్నడూ అడగని చిన్న చిన్న అప్పులు తమ పాన్ నంబరు మీద నమోదై ఉన్నాయని తెలుసుకున్నారు. నటి సన్నీ లియోన్ కూడా తన పాన్ వాడి ఎవరో రెండు వేల రూపాయల అప్పు తీసుకున్నారని అప్పట్లో బహిరంగంగానే చెప్పారు. మొత్తం చిన్నదే కావచ్చు. కానీ ఆ అప్పు తీర్చేవారెవరూ ఉండరు కాబట్టి అది ఎగవేతగా నమోదవుతుంది, అసలు మనిషి ఇంటి రుణం కోసం బ్యాంకు మెట్లెక్కిన రోజున ఎగవేతదారుగా కనబడతాడు. ఆధార్ జిరాక్సు, పాన్ జిరాక్సు, ఫొటో అనే మూడు కాగితాలు లాడ్జీలో, సిమ్ కార్డుల దుకాణంలో, అద్దె ఇంటి యజమాని దగ్గర, చిట్‌ఫండ్ కార్యాలయంలో ఎక్కడపడితే అక్కడ ఇచ్చి వచ్చే మనకు ఈ ముప్పు దూరపు విషయం కాదు.

దీని నుంచి కాపాడుకోవడానికి ప్రభుత్వమూ రిజర్వ్ బ్యాంకూ కల్పించిన సేవలు మూడు ముఖ్యమైనవి ఉన్నాయి. అవి ఏడాదికొకసారి ఉచితంగా లభించే క్రెడిట్ రిపోర్టు, ఆధార్ బయోమెట్రిక్ లాక్, మన పేరు మీద ఉన్న సిమ్ కార్డులను చూపే సంచార్ సాథీ. ఈ మూడింటినీ నేనూ మా కుటుంబంలోని వారూ కొంతకాలంగా వాడుతున్నాము. మూడూ వాడదగినవే, మూడింటికీ డబ్బు కట్టనక్కరలేదు. అయితే మోసం జరిగిందని చెప్పే పని ఇవి చేసినంత బాగా మోసాన్ని ఆపే పని చేయడం లేదన్నది నా అభిప్రాయం, ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ తేడా గురించే.

అన్నిటికన్నా విలువైనది క్రెడిట్ రిపోర్టు. మన దేశంలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలకు రుణ చరిత్రను నమోదు చేసే అనుమతి ఉంది, వీటినే క్రెడిట్ బ్యూరోలు అంటారు. వీటిలో ప్రతి ఒక్కటీ ప్రతి వ్యక్తికీ సంవత్సరానికి ఒక పూర్తి నివేదికను స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2016లో ఆదేశించింది, 2017 జనవరి నుంచి అది అమల్లో ఉంది. అంటే ఏడాదికి నాలుగు నివేదికలు మనకు హక్కుగా వస్తాయి. చాలామందికి సిబిల్ ఒక్కటే తెలుసు, అందులోనూ స్కోరు ఒక్కటే చూసి ఊరుకుంటారు. గుర్తింపు దొంగతనం కోణం నుంచి చూస్తే ఆ నివేదికలో అతి తక్కువ ఉపయోగపడేది స్కోరే. ఏడు వందల యాభై వంటి మంచి స్కోరు ఉన్నవాడి పేరు మీద కూడా నిన్ననే ఎవరో అప్పు తీసుకుని ఉండవచ్చు, తొలి వాయిదా తప్పేదాకా స్కోరు ఆ సంగతి చెప్పదు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. మొదటిది, వ్యక్తిగత వివరాల పేజీలో మన పేరుకు జతచేసి ఉన్న ఫోన్ నంబర్లు, చిరునామాలు. మోసగాడు అప్పుకు దరఖాస్తు చేసేటప్పుడు మన పాన్ ఇస్తాడు గాని మన ఫోన్ నంబరు ఇవ్వడు, తన చేతిలో ఉన్న నంబరు ఇస్తాడు. ఆ నంబరు రుణ సంస్థ ద్వారా మన నివేదికలోకి వచ్చి చేరుతుంది. ఎన్నడూ వాడని నంబరు, ఎన్నడూ కాపురం ఉండని ఊరు అక్కడ కనిపిస్తే, అప్పు వివరాలు ఇంకా ఎక్కకపోయినా అనుమానించవలసిందే. రెండవది, ఎంక్వైరీల పట్టిక. మన పేరు మీద ఎవరైనా రుణానికి గాని క్రెడిట్ కార్డుకు గాని దరఖాస్తు పెట్టినప్పుడు, రుణం ఇచ్చే సంస్థ బ్యూరోను అడిగిన తేదీ, ఆ సంస్థ పేరు, ఏ రకం రుణం, ఎంత మొత్తం అన్నవి అక్కడ వరుసగా ఉంటాయి. అప్పు మంజూరు కాకపోయినా ఈ అడుగు చెరిగిపోదు. దొంగ తలుపు తట్టి వెళ్లిపోయిన ఆనవాలు అన్నమాట. మూడవది, ఖాతాల జాబితా. బకాయి సున్నా ఉన్న మూసేసిన ఖాతాలను కూడా వదలకుండా ఒక్కొక్కటీ ఇది మనదేనా అని అడుగుతూ చదవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రుణ సంస్థలన్నీ నాలుగు బ్యూరోల్లోనూ సభ్యత్వం తీసుకుని సమాచారం ఇవ్వాలన్న నిబంధన 2015 నుంచి ఉంది కాబట్టి, ఖాతాలు దాదాపుగా నాలుగింటిలోనూ కనబడతాయి. ఎంక్వైరీ మాత్రం అలా కాదు, రుణ సంస్థ ఏ బ్యూరోను అడిగిందో ఆ బ్యూరో నివేదికలోనే ఉంటుంది. చిన్న రుణాల యాప్‌లు అన్నీ సిబిల్‌నే అడగాలన్న నియమమేమీ లేదు. అందువల్ల మూడు నెలలకొకటి చొప్పున నాలుగు నివేదికలను ఏడాది పొడవునా పంచుకుని చూడమని తరచుగా వినిపించే సలహా సగమే సరైనది. మొదటిసారి చూసేవారు నాలుగూ ఒకేసారి తీసి పక్కపక్కన పెట్టుకుని చదవడం మంచిది. అంతా సవ్యంగా ఉందని తేలాక, మరుసటి ఏడాది నుంచి మూడు నెలలకొకటి చూస్తే సరిపోతుంది. మన నివేదికను మనమే తీసి చూసుకోవడం వల్ల స్కోరు తగ్గదు. ఈ భయంతో ఎప్పుడూ చూడని వారు మా బంధువుల్లోనే చాలామంది ఉన్నారు.

2025 జనవరి నుంచి రుణ సంస్థలు పదిహేను రోజులకొకసారి బ్యూరోలకు సమాచారం పంపాలన్న నియమం వచ్చింది. అంతకుముందు నెలకొకసారి పంపేవారు. ఇది మంచి మార్పు. మన రిపోర్టును ఎవరైనా రుణ సంస్థ చూసినప్పుడు మనకు ఎస్ఎంఎస్ గాని ఈమెయిల్ గాని పంపాలని కూడా రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. ఇది మరింత మంచిది, ఎందుకంటే అప్పు మంజూరయ్యే లోపే మనకు తెలిసే అవకాశం కలుగుతుంది. కానీ ఆ సందేశం బ్యూరో దగ్గర నమోదై ఉన్న నంబరుకే వస్తుంది. ఆ నంబరు పాతదైతే సందేశం పోయేది మరెక్కడికో. నివేదికలో మన ప్రస్తుత నంబరు, ఈమెయిల్ సరిగా ఉన్నాయో లేదో చూసుకోమని నేను అందరికన్నా ముందు చెప్పేది ఇందుకే.

సేవ ఇంత విలువైనదైనా దాన్ని అందించే తీరు మాత్రం నన్ను బాధపెట్టింది. ఒక బ్యూరో వెబ్‌సైటులో ఉచిత నివేదిక లంకె కోసం పేజీ అడుగుదాకా వెతకవలసి వచ్చింది, డబ్బు కట్టే పథకాలు మాత్రం తెర మీద ముందే పెద్ద అక్షరాలతో పలకరించాయి. నివేదిక తెరుచుకున్న తర్వాత కూడా దాని చుట్టూ రుణ ప్రకటనలే. మరొకచోట గుర్తింపు ప్రశ్నలకు జవాబిస్తుంటే సగంలో ఆగిపోయి మళ్లీ మొదటికి వచ్చింది. నివేదిక మొత్తం ఇంగ్లిషులోనే వచ్చింది. ‘సెటిల్డ్’ అంటే అప్పు పూర్తిగా తీరినట్టు కాదని, కొంత వదులుకుని రాజీ పడినట్టని, ‘రిటన్ ఆఫ్’ అంటే మాఫీ చేసినట్టు కాదని, రుణ సంస్థ తన లెక్కల్లో ఇక వసూలు కాదనుకున్న అప్పుగా రాసుకున్నదని తెలుగులో చెప్పే పేజీ ఒక్కటీ నాకు ఎదురు కాలేదు. ఇంటర్మీడియట్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, చిన్న వ్యాపారం చేసుకుంటున్న మనిషి ఈ నివేదికను ఒంటరిగా చదివి అర్థం చేసుకోలేడు. రిజర్వ్ బ్యాంకు ఆదేశం అతని కోసమే అయినప్పుడు ఇది చిన్న లోపం కాదు.

మా బావమరిదికి జరిగింది చెబితే ఫిర్యాదు విభాగం ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ద్విచక్ర వాహనానికి రుణం అడిగితే బ్యాంకు వారు కాదన్నారు. కారణం అడిగితే, ఒక రుణ యాప్ దగ్గర వాయిదాలు కట్టలేదని చెప్పారు. ఆ యాప్ పేరు ఆయన ఎన్నడూ విన్నది కాదు. నివేదిక తీసి చూస్తే ఆయన పాన్ పక్కన ఎవరిదో ఫోన్ నంబరు, వేరే రాష్ట్రపు చిరునామా ఉన్నాయి. బ్యూరో వెబ్‌సైటులో వివాదం నమోదు చేశాము. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బ్యూరో తనంతట తాను ఏ ఖాతానూ తొలగించజాలదు. మన ఫిర్యాదును రుణ సంస్థకు పంపి, వారు ఒప్పుకుంటేనే దిద్దుతుంది. అందువల్ల బ్యూరోలో ఫిర్యాదుతో పాటు అదే రోజున రుణ సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి కూడా రాయాలి. ఆ అప్పు ఎవరి బ్యాంకు ఖాతాలో పడిందో, దరఖాస్తుతో ఏ ఫొటో, ఏ సంతకం, ఏ నంబరు ఇచ్చారో చూపమని అడగాలి. డబ్బు పడిన ఖాతా మనది కాదని తేలితే వారి వాదనకు ఆధారం ఉండదు. మా బావమరిది విషయంలో మొదటి జవాబు ‘వివరాలు సరిగానే ఉన్నాయి’ అని రెండు ముక్కల్లో వచ్చింది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో చేసిన ఫిర్యాదు ప్రతిని జతపరచి, ఖాతా వివరాలు అడిగిన తర్వాతే వారు వెనక్కి తగ్గారు, నివేదిక శుభ్రపడింది.

ఈ విషయంలో నియమాలు మన పక్షానే ఉన్నాయి. ఫిర్యాదు అందిన ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే, ఆపైన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. క్రెడిట్ బ్యూరోలు కూడా 2022 సెప్టెంబరు నుంచి ఆ పథకం పరిధిలో ఉన్నాయి. సలహా కోసం 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అప్పు కాకుండా మన ఖాతాలోంచి డబ్బే పోయినప్పుడు మాత్రం ఈ దారి పట్టి కాలయాపన చేయకూడదు, వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పరుగు తీసేలోపే దాన్ని నిలిపివేయడం ఆ ఏర్పాటు ఉద్దేశం కాబట్టి, అక్కడ గంటలు లెక్కలోకి వస్తాయి.

రెండవ సేవ ఆధార్ బయోమెట్రిక్ లాక్. ఇది నిజంగా తాళమే, ఈ మూడింటిలో మోసాన్ని ముందుగా ఆపగలిగేది ఇదొక్కటే. దీని అవసరం తెలుగువారికి మరొకరు చెప్పనక్కరలేదు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు సేకరించి, రబ్బరు స్టాంపుల మాదిరిగా తయారు చేసి, వాటితో వేల సిమ్ కార్డులు క్రియాశీలం చేసిన ఉదంతం బయటపడింది. దస్తావేజు మీద ఆధార్ నంబరూ ఉండేది, వేలిముద్రా ఉండేది. ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే బ్యాంకు మిత్రల దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకునే ఆధార్ చెల్లింపుల పద్ధతికి బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అడగదు. ఊరి రైతు ఖాతాలోంచి డబ్బు పోయినా ఎలా పోయిందో అతనికి అంతుబట్టదు.

మైఆధార్ పోర్టల్‌లో గాని ఆధార్ సంస్థ యాప్‌లో గాని ఓటీపీతో ప్రవేశించి లాక్ పెట్టుకోవచ్చు. ఆ తర్వాత వేలిముద్ర, కనుపాప, ముఖం ఏదీ ధ్రువీకరణకు పనిచేయదు, ఓటీపీ మాత్రం పనిచేస్తుంది. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరిస్తే కొద్ది నిమిషాల్లో తనంతట తానే మళ్లీ మూసుకుంటుంది. సేవ హాయిగా పనిచేసింది, నాకు ఇబ్బంది కలగలేదు. అదే పోర్టల్‌లో గత ఆరు నెలల్లో మన ఆధార్‌ను ఎవరు, ఏ తేదీన, ఏ పద్ధతిలో ధ్రువీకరించారో చూపే చరిత్ర కూడా ఉంది. లాక్ పెట్టుకోని వారు కనీసం దాన్నయినా నెలకొకసారి చూడాలి. ఇక జిరాక్సు ఇవ్వక తప్పని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. అందులో చివరి నాలుగు అంకెలే కనబడతాయి. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం జిరాక్సులు ఎవరికీ ఇవ్వవద్దని హెచ్చరించి, రెండు రోజుల్లోనే ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నది గాని, ఆ హెచ్చరికలోని సారం సరైనదేనని నేను భావిస్తున్నాను.

లోపం ఒక్కటే, అది పెద్దదే. ఈ తాళం ఎక్కువ అవసరమైన వారికే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రేషన్ దుకాణంలో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయ ఉద్యోగి ఇంటికి తెచ్చే పింఛనులో, తెలంగాణలో పోస్టాఫీసు పింఛనులో బయోమెట్రిక్ అడుగుతారు. మా అత్తయ్య ఆధార్‌కు లాక్ పెడితే, నెల మొదటి తారీఖున ఎవరైనా ఫోన్ పట్టుకుని పక్కన ఉండి తెరవాలి. ఆధార్‌కు జతచేసిన ఫోన్ నంబరు పట్నంలో ఉన్న కొడుకు దగ్గర ఉంటే ఓటీపీ చెప్పించుకోవడానికి మరో తిప్పలు. అందుకే ఆమె విషయంలో లాక్ పెట్టడం మానేసి, బ్యాంకు శాఖకు వెళ్లి ఆమె ఖాతాకు ఆధార్ ద్వారా డబ్బు తీసే సౌకర్యాన్ని ఆపమని దరఖాస్తు రాసి ఇచ్చాము. చదువుకుని, సొంత ఫోను వాడేవారందరూ మాత్రం ఇవాళే లాక్ పెట్టుకోవచ్చు.

మూడవది సంచార్ సాథీ. టెలికాం శాఖ 2023 మే నెలలో ఈ పేరుతో పోర్టల్ ప్రారంభించింది గాని, మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపే భాగం 2021 నుంచే ఉంది. మొదట్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణతో సహా కొద్ది రాష్ట్రాలకే అది అందుబాటులో ఉండేది. ఫోన్ నంబరు, ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది, మనది కాని నంబరు ఎదురుగా ‘నా నంబరు కాదు’ అన్నది ఎంచి పంపవచ్చు. మూడింటిలో వాడటానికి అతి సులువైనది ఇదే. యాప్ తప్పనిసరి కాదు, వెబ్‌సైటు చాలు. మనది కాదని తెలిపిన తర్వాత ఆ నంబరు ఎప్పుడు రద్దయిందో మనమే మళ్లీ వెళ్లి చూసుకోవాలి.

డబ్బు కట్టి కొనే కార్డు రక్షణ పథకాలు, బ్యూరోల నెలవారీ చందాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అవి ఇచ్చేది ప్రధానంగా తరచుగా నివేదిక చూసే వీలు, హెచ్చరికలు, కార్డులన్నీ ఒక్క ఫోనుతో నిలిపివేసే సౌకర్యం. ఇప్పటికే మోసానికి గురై, వివాదం నడుస్తున్న వారికి కొన్ని నెలల చందా ఉపయోగపడవచ్చు. మిగిలిన వారికి అవసరం లేదు.

అసలు లేనిది వేరు. అమెరికాలో 2018 సెప్టెంబరు నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఎవరైనా తన క్రెడిట్ ఫైలును ఉచితంగా స్తంభింపజేయవచ్చు. దాన్ని క్రెడిట్ ఫ్రీజ్ అంటారు. ఫ్రీజ్ ఉన్నంత కాలం కొత్త రుణ సంస్థ ఏదీ ఆ ఫైలును చూడజాలదు కాబట్టి కొత్త అప్పు పుట్టడం చాలా కష్టం. అడిగితే ఆన్‌లైన్‌లో గంటలోగా తెరవాలి. దాదాపు పద్నాలుగు కోట్ల డెబ్బై లక్షల మంది వివరాలు 2017లో ఈక్విఫాక్స్ నుంచి చోరీ అయిన తర్వాత వచ్చిన చట్టం అది. అలాంటి హక్కు మన చట్టాల్లో లేదు. ఆధార్‌కు తాళం ఇచ్చిన దేశం పాన్‌కు, రుణ చరిత్రకు తాళం ఇవ్వకపోవడానికి సాంకేతికంగా అడ్డేమీ నాకు కనిపించదు. ఇవాళ్టి ఏర్పాటులో నేను సంవత్సరానికి నాలుగు నివేదికలు ఎంత శ్రద్ధగా చదివినా, నాకు తెలిసేది జరిగిపోయినదే. రిజర్వ్ బ్యాంకు ఒక్క ఆదేశంతో నాలుగు బ్యూరోలచేత ఇది చేయించగలదు, చేయించాలి.

అమెరికాకు చదువుకు వెళ్లే తెలుగు పిల్లలు అక్కడి గుర్తింపు సంఖ్య అయిన సోషల్ సెక్యూరిటీ నంబరు రాగానే కారు, కార్డు గురించి ఆలోచిస్తారు గాని ఈ ఫ్రీజ్ గురించి వినరు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటి దగ్గరా విడివిడిగా పెట్టుకోవాలి, ఒకచోట పెడితే మిగిలిన వాటికి వర్తించదు. మోసం జరిగితే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నడిపే ఐడెంటిటీ థెఫ్ట్ వెబ్‌సైటులో ఫిర్యాదు చేస్తే, బ్యూరోలకు, బ్యాంకులకు పంపవలసిన లేఖలు కూడా అక్కడే తయారై వస్తాయి. ఆ పిల్లలు మరచిపోయేది మన దేశంలో వదిలివెళ్లిన ఫోన్ నంబరు. రీచార్జి లేక రద్దయిన నంబరును తొంభై రోజుల తర్వాత మరొకరికి ఇవ్వవచ్చు. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఆ నంబరుతోనే ముడిపడి ఉంటే, ఓటీపీలూ ఎంక్వైరీ హెచ్చరికలూ ఆ కొత్త మనిషి ఫోనుకే వెళతాయి. విమానం ఎక్కే ముందే ఆ నంబరును రోమింగులో ఎస్ఎంఎస్ అందేలా ఉంచుకుని, చిన్న రీచార్జితో నడుపుతూ రావాలి. నాలుగు బ్యూరోల నుంచి ఒక్కొక్క నివేదిక దించుకుని దాచుకోవడం కూడా ఆ సిమ్ చేతిలో పనిచేస్తుండగానే సులువు.